పెద్దాయన పేరు కొట్టిన గుండిగలు

1999 ఫిబ్రవరి 3

ఎరువుల కొట్టువాళ్ళు మా ఆయనకిచ్చిన డైరీ ఇది. ఆయన ఎలాగూ రాయరు, నేను లాక్కున్నాను. పాల లెక్క రాసుకుంటానని చెప్పాను. నా మొహం! రెండు గేదెల పాల లెక్కకి డైరీ కావాలా?

ఇవాళ పొదుపు సంఘం మీటింగు మా వసారాలో. మరియమ్మ ఎప్పటిలాగే చాప అంచున... సగం చాప మీద, సగం నేల మీద. మా చేలో నాట్లేసే ముఠాకి మేస్త్రి ఆవిడ. గట్టు మీద నిలబడి కేకేస్తే కాలవ అవతలికి వినపడుతుంది. చాప దగ్గరికి వచ్చేసరికి మాత్రం గొంతు ఉండదు. మా లీడరు వరం లేచి చెయ్యి పట్టుకుని మధ్యకి లాగింది. "ఇక్కడ వీధులేంటి, పేటలేంటి? సంఘమంటే సంఘమే" అంది. పెద్దింటి కోడలి నోటంట ఆ మాట! ఒళ్ళు పులకరించింది నాకు.

దాచుకున్న డబ్బుతో వంట సామాను కొంటున్నాం — గుండిగలు, బాణళ్ళు, గంటెలు, వడ్డన బకెట్లు. ఊళ్ళో పెళ్ళయినా దినమయినా ఇన్నాళ్ళూ పెద్దింటి గుమ్మం ముందు నిలబడి అడుక్కోవడమే. కాలవ అవతల పేటవాళ్ళకి ఆ అడగడం కూడా లేదు, టౌను నుంచి అద్దెకి మోసుకురావాలి. ఇక ఆ బాధ లేదు. ఎవరు ముందడిగితే వాళ్ళకి. అందరం ఒప్పుకున్నాం. వరమే గట్టిగా చెప్పింది.

సామాను మా ధాన్యం గదిలో. తాళం నాది.

ఫిబ్రవరి 9

వరమూ నేనూ రాజమండ్రి. మగాళ్ళు లేకుండా, ఇద్దరమే. బస్సులో కిటికీ పక్క సీటు కోసం చిన్నపిల్లల్లా కొట్టుకున్నాం. ఒకే నెలలో ఈ ఊరు కాపురానికొచ్చాం. అప్పట్నుంచీ నా కష్టం దానికి తెలుసు, దాని కష్టం నాకు తెలుసు... నవ్వీ నవ్వీ దవడలు నొప్పి.

గుండిగలు ఒక్కొక్కటీ నేను దూరేంత ఉన్నాయి. వరం ఒకదానిలోకి తల పెట్టి "ఓ దుర్గా!" అని కేకేసింది. కొట్టతను కూడా నవ్వాడు.

పేర్లు కొట్టే ముసలాయనకి చేతినిండా పని. కూర్చుంటే ఆఖరి బస్సు తప్పిపోతుంది. "మా మరిది రేపెలాగూ వ్యాను తెస్తాడు, పేర్లు కొట్టించి తనే ఎక్కించుకొస్తాడు. నేను కాగితం మీద రాసిచ్చా కదే, శ్రీలక్ష్మి మహిళా పొదుపు సంఘం అని" అంది వరం.

రోజ్ మిల్క్ తాగాం. ఇంటికొచ్చేసరికి చీకటి. అత్తయ్య మొహం గంటు పెట్టుకుని కూర్చున్నారు. పెట్టుకోనీ.

ఫిబ్రవరి 12

సామాను వచ్చింది.

ప్రతి గుండిగ మీదా, ప్రతి బాణలి మీదా, ఆఖరికి గంటెల కాడల మీద కూడా — కీ.శే. వీర్రాజు గారి జ్ఞాపకార్థం. కింద, మూలకి, భూతద్దం పెట్టుకుంటే కనిపించేలా — మహిళా సంఘం.

వీర్రాజు గారంటే వరం మామగారు. పెద్దాయన. పోయి రెండేళ్ళు. నాట్లకి వంగీ కోతలకి వంగీ మేం కూడబెట్టుకున్న సామాను ఆయనకి జ్ఞాపకమెలా అయిందో!

వరం నా చెయ్యి వదల్లేదు. "మా మరిది సత్తిబాబు పనేనే, నాకు తెలీదు, ఒట్టు. పోనీలే, ఆయన పేరుంటే ఎవరూ కాజెయ్యరు. భయముంటుంది."

సత్తిబాబు వ్యాను దగ్గర నిలబడి మీసం దువ్వుకుంటున్నాడు. "బాగున్నాయా వదినా అక్షరాలు?"

మరియమ్మకి చదువు రాదు. వేలితో అక్షరాలు తడిమి, "ఇదేనాండి మన పేరు?" అంది. ఏం చెప్పను? ఆ కింద ఉన్నది మనదే అన్నాను. ఆవిడ వేలు కిందకి జరిపి, ఆ చిన్న అక్షరాల మీదే చాలాసేపు ఉంచింది.

ఫిబ్రవరి 13

పేరుదేముంది, పని జరిగితే చాలు అంటారు మా ఆయన. సరే. చాల్లే సంబడం.

మార్చి 7

మొదటిసారి సామాను బయటికెళ్ళింది. రామాలయం వీధిలో సీమంతం. మళ్ళీ తళతళా తోమి పంపించారు. లెక్కపెట్టి నేనే లోపల సర్దాను. ఆ గది తాళం తిప్పుతుంటే ఏదో హోదాగా ఉంటుంది, ఎవరికీ చెప్పను గానీ.

సంఘం అయ్యాక మరియమ్మ ఒక్కతే ఆగింది. చీర కొంగు మెలేస్తూ... "మా రూతు పెళ్ళండి. మే పధ్నాలుగు. చర్చిలో. గుండిగలు నాకిస్తారాండి?"

ఇస్తారా ఏంటి మరియమ్మా, అవి నీవి కూడా కదా అన్నాను.

"ఆయ్, అలాగేనండి. మీరు మాటంటే చాలండి."

మాటిచ్చాను. ఆ రోజుకి నీవే, ఎవరడిగినా లేవంటానని చెప్పాను. వరంతో కూడా చెప్పాను. ఓ భేషుగ్గా అంది.

మార్చి 29

దాళ్వా పంట గింజ గట్టిపడుతోంది. తీరిక లేదు.

ఏప్రిల్ 21

కోతలయ్యాయి. కాలవలు కట్టేశారు. చుక్క నీరు లేదు, పేట పిల్లలు కాలవలోనే గోలీలాడుతున్నారు. వంతెన చుట్టూ తిరక్కుండా అందరూ కాలవలోంచే అడ్డంగా నడిచొచ్చేస్తున్నారు.

సత్తిబాబు వచ్చి ఆయనతో అరుగు మీద కూర్చున్నాడు. కౌలు మాటట. జూన్‌లో మళ్ళీ రాసుకోవాలి. మేం చేసేది పెద్దింటి చేనే కదా, మూడెకరాలు. మజ్జిగ తీసుకెళ్ళాను. నన్ను చూసి మాట మార్చాడు — "నాన్నగారి పేరున్న సామాను కాలవ దాటుతుందట కదా వదినా. ఊళ్ళో అనుకుంటున్నారు."

సంఘం సామాను ఎక్కడికైనా దాటుతుంది అన్నాను.

నవ్వాడు. ఆయన గ్లాసులోకి చూస్తున్నారు, మజ్జిగలో ఏదో పడిపోయినట్టు.

ఏప్రిల్ 22

ఏమన్నాడండీ కౌలు సంగతి అని అడిగాను.

"ఏముంటుంది. మామూలే."

ఆయనకి అబద్ధం చెప్పడం రాదు. మెడ గోక్కుంటారు.

మే 2

పిల్లలు సెలవులకి మా అమ్మ దగ్గరికెళ్ళారు. ఇల్లు చిన్నబోయింది.

మరియమ్మ శుభలేఖ ఇచ్చింది. గులాబీరంగు, మూల ఇద్దరు దేవతలు బూర ఊదుతూ. "ఊరందరికీ చెప్పుకున్నానండి, మా సంఘం గుండిగల్లో వంటని. మా ఆయనే నమ్మట్లేదండి." పళ్ళన్నీ బయటపెట్టి నవ్వింది. ఆవిడ అలా నవ్వగా నేనెప్పుడూ చూళ్ళేదు.

శుభలేఖ దేవుడి గూట్లో పెట్టాను. సాయంత్రానికి అది కిటికీలో ఉంది. అత్తయ్య.

మే 10

వరం పరిగెత్తుకుంటూ వచ్చింది. మండలాఫీసులో ఎల్లుండి సంఘాల మీటింగట. ప్రతి సంఘం నుంచి ఒకరు మాట్లాడాలట. "నువ్వెళ్ళవే. నాకు నాలుగు మాటలు రావు, నీకు నోరుంది. మన సంఘం పేరు నిలబెట్టు." లీడరువి నువ్వు కదే అంటే, "నా బదులు నువ్వు లీడరువనుకో" అని బుగ్గ గిల్లింది.

పొంగిపోయాను, సిగ్గులేకుండా. నీలం చీర తీసి పరుపు కింద మడత పెట్టాను.

మే 12

ఇది రాసి తీరతాను. ఎవరితో చెప్పుకోను?

మీటింగులో మాట్లాడాను. మైకు. ముందు మాట తడబడింది, తర్వాత ఆగలేదు. మా గుండిగల సంగతి చెప్పాను. వీధులూ పేటలూ లేవని, ఎవరు ముందడిగితే వాళ్ళకేనని, ఎల్లుండి మా మరియమ్మ కూతురి పెళ్ళికి అవే వెళ్తున్నాయని. చప్పట్లు! ఆఫీసరమ్మ లేచొచ్చి నా మెళ్ళో దండ వేసింది.

దండ చేత్తో పట్టుకుని బస్సు దిగాను. ఆయనకి చూపిద్దామని.

ధాన్యం గది తలుపు బార్లా తెరిచుంది. లోపల ఏమీ లేదు. గుండిగలు పెట్టిన చోట నేల మీద గుండ్రంగా మచ్చలు, అంతే.

దొంగలనుకున్నాను. కేక పెట్టాను. అత్తయ్య మంచం మీంచి కదల్లేదు. "దొంగలేంటి? సత్తిబాబు బండి తెచ్చాడు. మీ ఆయనే తాళం తీశాడు. తనే ఎక్కించాడు కూడా."

తనే ఎక్కించాడు కూడా!

తాళంచెవి నేను దేవుడి గూట్లో పెట్టి వెళ్ళాను. ఆ సంగతి ఆయనకొక్కరికే తెలుసు.

వరం ఇంటికి పరిగెత్తాను. పాపం దానికి తెలీదు, వాళ్ళ మరిది దొంగచాటుగా చేశాడు, అది విని మండిపడుతుంది... దారంతా ఇదే అనుకున్నాను. పిచ్చిమొహాన్ని! వాళ్ళ పెరట్లో మా గుండిగలు బోర్లించి వరసగా ఉన్నాయి. వరం వాటి పక్కనే కూర్చుని కూర తరుగుతోంది. నన్ను చూసి లేవలేదు.

"నువ్వుంటే గొడవవుతుందనే..." అంది.

నేనుంటే. అందుకు మీటింగు. అందుకు నీకు నోరుందే. అందుకు బుగ్గ గిల్లడం.

"పెద్దాయన పేరున్న గిన్నెల్లో వాళ్ళు వండుకుంటే మా ఇంట్లో ఊరుకుంటారటే? మా ఇంట్లో నా మాట చెల్లుతుందా?"

ఆ పేరు కొట్టించింది ఎవరే అన్నాను. నిజం చెప్పు, కాగితం మీద ఏం రాసిచ్చావు?

కత్తిపీట మీద వంకాయ అలాగే ఉంది. తలెత్తలేదు. ఆ పేరు రాసిచ్చింది వరమేనన్నమాట. సత్తిబాబు కాదు. ఒట్టు కూడా వేసింది, నా చెయ్యి పట్టుకుని.

"మరియమ్మకి మా ఇంట్లో వ్రతమని చెప్పెయ్యవే. నువ్వు చెబితే నమ్ముతుంది."

దండ ఇంకా చేతిలోనే ఉందని అప్పుడు చూసుకున్నాను. ఆ గుండిగ మీద పడేసి వచ్చాను.

మే 12, మళ్ళీ

ఆయన వచ్చారు. అడిగాను.

"మూడెకరాలే మనకి దిక్కు. ఆ చేను పోతే పిల్లలకేం పెడతావు, నీ సంఘం పెడుతుందా?"

నాతో ఒక్క మాట చెప్పొచ్చు కదండీ. ఎదురుగా కూర్చోబెట్టి, ఇదీ దుర్గా మన గతి, అని. నేను ఏడ్చేదాన్ని, తిట్టేదాన్ని, ముందుగా వెళ్ళి మరియమ్మ కాళ్ళు పట్టుకునేదాన్ని. ఆవిడ వేరే దారి చూసుకునేది. పొద్దున నాకు బస్సు చార్జీలు మీరే ఇచ్చారే! చీర బాగుందన్నారే!

మెడ గోక్కోలేదు. అదే ఎక్కువ మండింది.

మే 13

పొద్దున్నే రిక్షా బండి గుమ్మం ముందు. మరియమ్మ, ఆవిడ మొగుడు. గుండిగల కింద పరచడానికి వరిగడ్డి కూడా తెచ్చుకున్నారు.

వ్రతమని చెప్పలేదు. ఉన్నదున్నట్టు చెప్పాను. పెద్దింట్లో ఉన్నాయి, మా ఆయనే ఇచ్చేశారు, నన్ను ఊళ్ళో లేకుండా పంపించి పట్టుకుపోయారు. చెబుతుంటే నాకే అబద్ధంలా వినిపించింది.

మరియమ్మ అరుస్తుందనుకున్నాను. గట్టు మీద అరిచినట్టు అరిస్తే ఎంత బాగుండేది! ఆవిడ మొగుడు గడ్డి మోపు విప్పబోయి, మళ్ళీ ముడేశాడు. నేను చెప్పలేదా అన్నట్టు ఆవిడ వైపు చూశాడు.

"మా ఆయన ముందే చెప్పాడండి. నేనే, దుర్గమ్మగారు మాటన్నారు కదా అని..."

అంతే. బండి తిప్పుకుని వెళ్ళిపోయారు.

నన్ను ముంచినవాళ్ళు ఇద్దరు. మరియమ్మ లెక్కలో ముంచింది నేనొక్కదాన్నే. ఆ లెక్క తప్పని ఎలా అనను? మాట నాది కదా.

మే 13, సాయంత్రం

అటక మీద ఇత్తడి గుండిగ ఉంది. మా అమ్మ నా పెళ్ళికిచ్చింది. పాతిక మందికి పైగా వండొచ్చు. దింపాను. బూజు దులిపాను. మెడ దగ్గర అక్షరాలు — చి. దుర్గకు, అమ్మ. మా నాన్న తన పేరు కొట్టించమంటే అమ్మ వినలేదట, కొట్టతను వింతగా చూశాడట. ఈ ఇంట్లో నా పేరున్నది ఇదొక్కటే.

చుట్టకుదురు పెట్టి నెత్తిన ఎత్తుకున్నాను. అత్తయ్య గుమ్మానికి చెయ్యి అడ్డం పెట్టారు. "కాలవ దాటిందా, మళ్ళీ నా ఇంట్లోకి రాదు అది." అలాగేనండి అన్నాను.

పెద్దింటి ముందు నుంచే వెళ్ళాను. వేరే దారుంది. అయినా అటే వెళ్ళాను. ఎండిన కాలవలోకి దిగి అడ్డంగా నడిచాను, ఊరంతా గట్ల మీద నిలబడి చూస్తోంది.

పేటలో అప్పటికే టౌను నుంచి అద్దె సామాను దిగుతోంది. నా ఒక్క గుండిగ ఎవరికి కావాలి? ఎంత తెలివితక్కువదాన్ని! మరియమ్మ నన్ను చూసి ఆగింది. తర్వాత నా నెత్తి మీంచి దాన్ని తనే దింపింది.

"పులుసు కాస్తాం లెండి ఇందులో."

కూర్చోమనలేదు. రేపు రమ్మని కూడా అనలేదు. శుభలేఖ ఇచ్చింది కాబట్టి వెళ్ళొచ్చు. వెళ్ళనా?

మే 14

వెళ్ళాను. చర్చి వెనక వరసలో నిలబడ్డాను. రూతు తెల్లచీరలో. బంతిలో కూర్చున్నాను. పులుసు వడ్డించారు. నా గుండిగలోదేనా అని అడగబుద్ధి కాలేదు. తిన్నాను. మరియమ్మ వడ్డిస్తూ నా విస్తరి దగ్గరికి వచ్చి, అందరినీ అడిగినట్టే "ఇంకొంచెం వెయ్యనాండి" అంది.

మే 15

ఇంట్లో ఎవరి కంచం వాళ్ళదే.

మే 16

మరియమ్మ గుండిగ తెచ్చింది. చింతపండు పెట్టి తోమిందో ఏమో, మా అమ్మ ఇచ్చిన రోజున కూడా అంత మెరవలేదు. వాకిట్లోకి రాకుండా నూతి గట్టు మీద పెట్టింది.

"పేటవాళ్ళం వేరే సంఘం పెట్టుకుంటున్నామండి. ఆఫీసరమ్మగారికి చెప్పాం."

నన్ను కూడా కలుపుకుంటావా అని నోటిదాకా వచ్చింది. ఏ మొహం పెట్టుకుని అడగను?

"వానలొస్తున్నాయండి. నాట్లకి పిలిస్తే వస్తామండి" అంది వెళ్ళేముందు. ఆ అండీ ఎంత దూరంగా వినిపించిందో.

మే 17

వరం వచ్చింది. పెరటి దోవన, దొంగలా. కళ్ళు ఉబ్బున్నాయి. ఏడ్చిందేమో. ఏడవనీ.

అబ్బే, దాని బాధ వేరు. జిల్లా నుంచి అమ్మగార్లు మన సంఘాన్ని చూడటానికి వస్తున్నారట. మీటింగులో నేను చెప్పింది విని ముచ్చట పడ్డారట. "అందరూ ఒకే చాప మీద కూర్చునే సంఘమని రాసుకున్నారే. మరియమ్మ వాళ్ళు లేకపోతే పరువు పోతుంది. ఆ ఒక్కపూటకి తీసుకురావే. నీ మాట వింటుంది."

నా మాట! ఇంకా మిగిలిందా నా దగ్గర?

గుండిగలు కూడా పెట్టిస్తావా చాప పక్కన, పెద్దాయన పేరు కనిపించేలా? అన్నాను.

"నువ్వు మారిపోయావు దుర్గా" అంది.

అవునే. మారాను. బస్సులో కిటికీ పక్క సీటు ఇక నీదే, కూర్చో.

అది వెళ్ళాక నూతి దగ్గర కూర్చుని ఏడ్చాను. మరియమ్మ కోసం కాదు, కౌలు కోసం కాదు. గుండిగలో తల పెట్టి నా పేరు పిలిచింది కదా అది... అందుకు.

మే 18

గుండిగ ఇంకా నూతి గట్టు మీదే. అత్తయ్య నీళ్ళు తోడుకునేటప్పుడు దానికి తగలకుండా చీర ఒడిసిపట్టుకుంటున్నారు. ఆయన దాని పక్క నుంచే వస్తారు, పోతారు. తెచ్చి లోపల పెట్టమని ఒక్కమాట అనరు. సామాను బండికెక్కించడానికి మాత్రం లేచాయి ఆ చేతులు.

సత్తిబాబు కబురు పంపాడు. కౌలు ఖాయమట.

మే 19

ఇవాళ పెరట్లో పొయ్యి రాజేశాను. గుండిగ ఎక్కించాను. ముగ్గురి బియ్యం పోశాను. అంత గుండిగలో అడుగున ఇంత అన్నం... గరిటె అందక మోచేతి దాకా చెయ్యి పెట్టాల్సొచ్చింది. వేరే గిన్నె కడగలేదు. ఇంట్లో వేరే అన్నం లేదు.

అత్తయ్య చూసి లోపలికెళ్ళి పడుకున్నారు. పోనీ.

ఆయన చేలోంచి వచ్చారు. కాళ్ళు కడుక్కున్నారు. పీట మీద కూర్చున్నారు. కంచం ఖాళీగా ఉంది. నా వైపు చూళ్ళేదు, వాకిలి దాటి పెరట్లోకి చూశారు, గుండిగ వైపు.

వడ్డించనా అండీ, అన్నాను.

కంచం ముందుకు జరపలేదు. లేచి కూడా వెళ్ళలేదు. నేను ఈ గడప మీద కూర్చుని ఇది రాస్తున్నాను, ఆయన చూస్తుండగానే. పాల లెక్క కాదని తెలిసిపోయుంటుంది.

అన్నం చల్లారిపోతోంది.